మ్యానిఫోల్డ్ మార్చేముందు ఇంజిన్‌ని కొలవండి

(నెల్లూరు ఆటోనగర్‌లో పాత కార్ల యజమానులు, మెకానిక్‌లు, ఐటీఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. రోహిణి కార్తె ఎండలో ఇంతమంది రావడం సంతోషంగా ఉంది. కావలి, గూడూరు, ఆత్మకూరు నుంచి వచ్చారు. ఒంగోలు నుంచి కూడా కొంతమంది ఉన్నట్టున్నారు. వెనక నిలబడ్డ మేస్త్రీలూ, అన్నా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఐటీఐ పిల్లలు కాస్త ముందుకి జరిగితే ఇంకొంతమందికి చోటొస్తుంది.

మారుతి ఎస్టీమ్ ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. బానే ఉన్నారు. పాత హోండా సిటీ? యాక్సెంట్? అంబాసిడర్? పద్మిని కూడా ఉందా? చాలా సంతోషం. మీ అందరి కోరికా ఒకటే. బండి పాతదే, అమ్మడానికి మనసు రాదు, కానీ ఇంకొంచెం పికప్ కావాలి, లాగుడు కావాలి. మంచి కోరిక. ఉన్న బండిని బాగు చేసుకుని నడుపుకోవాలనుకోవడం కంటే మంచి పని ఏముంది? అయితే ఆ కోరికతో మొదట చేయి పెట్టేది ఎక్కడ? ఈ మధ్య ఎక్కువమంది ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ దగ్గర పెడుతున్నారు, అంటే బయటి గాలిని ఒక్కో సిలిండర్‌కి పంచి తీసుకెళ్లే గొట్టాల దగ్గర. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. మ్యానిఫోల్డ్ పవర్‌ని పుట్టించదు. ఇంజిన్ ఏ ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు, బాగా గాలి పీల్చుకోవాలో అది నిర్ణయిస్తుంది. కాబట్టి రెండు సంగతులు తెలియకుండా దాని మీద పానా పెట్టకూడదు. మీరు బండిని ఏ ఆర్‌పీఎంలో నడుపుతున్నారు? మీ ఇంజిన్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? ఈ రెండూ కొలిచి తెలుసుకోవాలి. ఊహించి కాదు, కొలిచి.

షెడ్డుకి కుర్రాళ్లు ఫోన్ పట్టుకుని వస్తారు. అన్నా, ఈ వీడియో చూడు, అమెరికాలో వాడెవడో మ్యానిఫోల్డ్ మార్చాడు, బండి ఎట్లా పరిగెత్తుతోందో చూడు అంటారు. చూస్తాను. ఎక్కువగా అది 1996 నుంచి 2000 వరకు అక్కడ అమ్మిన హోండా సివిక్ అయి ఉంటుంది. ఆ తరం సివిక్ మన దగ్గరికి రాలేదు. మనకి సివిక్ వచ్చిందే 2006లో. ఆ అమెరికా సివిక్‌లో మామూలు మోడల్‌కి డీ16వై7 అనే ఇంజిన్ ఉండేది, 106 హార్స్ పవర్. పై మోడల్‌కి డీ16వై8, 127 హార్స్ పవర్. రెండూ 1,590 సీసీనే. వై8 మ్యానిఫోల్డ్ తెచ్చి వై7కి బిగించుకోవడం అక్కడ చాలామంది చేస్తారు. ఇది చూసి మనవాడు ఏమనుకుంటాడు? మ్యానిఫోల్డ్ మారిస్తే 21 హార్స్ పవర్ వచ్చేస్తుందనుకుంటాడు. వస్తుందా? రాదు. వై8లో వీటెక్ ఉంది, అంటే పై ఆర్‌పీఎంలో వాల్వుల్ని ఇంకా ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ వేరు, హెడ్ వేరు, కంప్రెషన్ కూడా కాస్త ఎక్కువ. ఆ 21లో మ్యానిఫోల్డ్ వంతు కొంచెమే. ఆ కొంచెం కూడా పై ఆర్‌పీఎంలో వస్తుంది.

మన అంబాసిడర్ సంగతే తీసుకోండి. దాని 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్ బ్రిటన్‌లో బీఎంసీ వాళ్లు చేసిన బీ సిరీస్ ఇంజిన్. ఇదే ఇంజిన్‌ని 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టారు. మన అంబాసిడర్‌లో 50 పైచిలుకు హార్స్ పవర్ ఇచ్చే ఇంజిన్ అక్కడ 68 ఇచ్చింది, తర్వాత 72కి పెరిగింది. ఎట్లా? గాలిలో పెట్రోలు కలిపే ఎస్‌యూ కార్బొరేటర్లు రెండు, దానికి తగ్గ మ్యానిఫోల్డ్, దానికి తగ్గ క్యామ్, దానికి తగ్గ హెడ్, కంప్రెషన్, సైలెన్సర్ లైను. అన్నీ కలిపి మార్చారు. తగ్గ, తగ్గ అని ఎందుకు అంటున్నానంటే ఇంజిన్ లోపల గాలి దారి మొత్తం ఒకటే. ఫిల్టర్ నోటి నుంచి సైలెన్సర్ చివర దాకా ఒకటే దారి. అందులో ఎక్కడ ఇరుకుగా ఉందో అక్కడే గాలి ఆగుతుంది. ఇరుకు ఒకచోట ఉంటే, వెడల్పు ఇంకోచోట చేస్తే ఏం లాభం?

గాలి ఎట్లా నడుస్తుంది

పిల్లలూ, ఇది మీకోసం. కాస్త లెక్క ఉంది, భయపడకండి.

ఎస్టీమ్ ఇంజిన్ 1,298 సీసీ, అంటే దాదాపు లీటరుం పావు. రెండు చుట్లు తిరిగితే నాలుగు సిలిండర్లూ ఒక్కోసారి గాలి పీలుస్తాయి. 3,000 ఆర్‌పీఎంలో ఉంటే నిమిషానికి 1,500 సార్లు ఆ లీటరుం పావు నిండాలి. పూర్తిగా నిండితే నిమిషానికి సుమారు 1,900 లీటర్ల గాలి. 6,000లో దీనికి రెట్టింపు. అంత గాలి ఆ చిన్న మ్యానిఫోల్డ్ నోటిలోంచి పోతుంది. 3,000 ఆర్‌పీఎంలో ఒక్కో సిలిండర్ సెకనుకి 25 సార్లు పీలుస్తుంది. ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుని ఉండేది సెకనులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. 6,000లో అందులో సగం.

ఇప్పుడు అసలు విషయం. సోమశిల నీళ్లు కాలువలో జోరుగా వస్తున్నప్పుడు తూము పలకని ఒక్కసారిగా దించారనుకోండి. నీళ్లు ఊరుకుంటాయా? వెనక నుంచి వచ్చేవి వచ్చి పలకకి కొట్టుకుని ఎత్తుగా లేస్తాయి, అల వెనక్కి తిరుగుతుంది. మ్యానిఫోల్డ్ గొట్టంలో గాలి కూడా అంతే. వాల్వ్ మూసుకోగానే జోరుగా వస్తున్న గాలి అక్కడ కిక్కిరిసిపోతుంది, ఒత్తిడి అల వెనక్కి వెళ్తుంది. పైన ప్లీనమ్ అంటాం చూడండి, ఆ డబ్బా, దాని దాకా పోయి మళ్లీ తిరిగి వస్తుంది. ఆ అల సరిగ్గా వాల్వ్ తెరుచుకున్న వేళకి తిరిగి వస్తే అదనపు గాలి లోపలికి తోస్తుంది. వేళ తప్పితే ఎదురు తోస్తుంది. అల వేగం ధ్వని వేగం, సెకనుకి సుమారు 350 మీటర్లు. ఆ వేగం మనం మార్చలేం. మన చేతిలో ఉన్నది గొట్టం పొడవు, గొట్టం వెడల్పు.

పొడవాటి సన్న గొట్టమైతే అల ఆలస్యంగా తిరిగి వస్తుంది, అది తక్కువ ఆర్‌పీఎంకి సరిపోతుంది. సన్న గొట్టంలో గాలి వేగం కూడా ఎక్కువ ఉంటుంది కాబట్టి తక్కువ స్పీడులోనూ సిలిండర్ బాగా నిండుతుంది. పొట్టి వెడల్పాటి గొట్టం పై ఆర్‌పీఎంకి పనికొస్తుంది, కింద మాత్రం నీరసపడుతుంది. రెండూ ఒకే గొట్టంలో రావు. అందుకే కొన్ని కంపెనీలు మ్యానిఫోల్డ్‌లో ఒక పలక పెట్టి, తక్కువ ఆర్‌పీఎంలో పొడవు దారి, ఎక్కువలో పొట్టి దారి తెరుచుకునేట్టు చేశాయి.

ఇప్పుడు మీరు చెప్పండి. మీ బండి ఏ ఆర్‌పీఎంలో నడుస్తుంది? ట్రంక్ రోడ్డులో, వీఆర్‌సీ సెంటర్‌లో ట్రాఫిక్‌లో 1,500, 2,000. హైవే ఎక్కి మద్రాసు వైపో ఒంగోలు వైపో పోతే టాప్ గేర్‌లో 3,000 అటూ ఇటూ. ఉదయగిరి కొండ దారిలో మూడో గేర్‌లో ఇంకొంచెం. 5,500 ఎప్పుడైనా చూశారా? నిజం చెప్పండి. ఏడాదికి ఒకసారి చూసి ఉంటారు. మరి ఆ ఏడాదికి ఒక్కసారి కోసం రోజూ వాడే చోట ఉన్న పుల్లింగ్ పోగొట్టుకుంటారా? పొట్టి మ్యానిఫోల్డ్, పెద్ద త్రోటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే గాలికి తెరుచుకునే నోరు) పెట్టించుకున్న బండి, ఏసీ వేసి నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేర్ తగ్గించమని అడుగుతుంది. పెద్ద త్రోటిల్ బాడీతో మొదటి పావు వంతు తొక్కగానే బండి ఎగురుతున్నట్టు అనిపిస్తుంది. అక్కడ పవర్ పెరగలేదు నాయనా, అదే తొక్కుడుకి త్రోటిల్ ఎక్కువ తెరుచుకుంటోంది, అంతే.

కార్బొరేటర్ మ్యానిఫోల్డ్ వేరు, ఎంపీఎఫ్ఐ మ్యానిఫోల్డ్ వేరు

ఇది చాలామంది కలిపేస్తారు. కార్బొరేటర్ బండిలో గొట్టం మొత్తం పెట్రోలు తడి నడుస్తుంది. చల్లటి గోడకి పెట్రోలు అంటుకుని చుక్కలు కడుతుంది. అందుకే దాని మ్యానిఫోల్డ్‌కి వేడి కావాలి. కొన్నింటిలో కూలెంట్ నీళ్లు మ్యానిఫోల్డ్ కింద తిరుగుతాయి. అంబాసిడర్‌లో అయితే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి, ఎగ్జాస్ట్ వేడి ఇన్‌టేక్‌కి తగిలేట్టు పెట్టారు. ఆ వేడి చోటు అనవసరమని కత్తిరించి పడేసినవాళ్లు ఉన్నారు. పొద్దున స్టార్ట్ చేస్తే మిస్సింగ్, మైలేజీ పోవడం, ప్లగ్గులు నల్లబడటం. మళ్లీ షెడ్డుకే.

ఎంపీఎఫ్ఐలో, అంటే సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉన్న బండిలో, ఇంజెక్టర్ పెట్రోలుని వాల్వ్ పక్కనే చిమ్ముతుంది. గొట్టంలో ఉత్త గాలే నడుస్తుంది. కాబట్టి దాన్ని పొడవుగా, వంపులు తిప్పి, గాలి కోసమే డిజైన్ చేసుకోవచ్చు. అక్కడ వేడి తగిలితే నష్టం.

ఇంకొక మాట. పేరు ఒకటైనంత మాత్రాన సామాను ఒకటి కాదు. ఎస్టీమ్ 1994లో వచ్చినప్పుడు కార్బొరేటర్, ఎనిమిది వాల్వుల ఇంజిన్, 65 హార్స్ పవర్. తర్వాత ఎంపీఎఫ్ఐ వచ్చాక పదహారు వాల్వులు, 85. రెంటినీ జీ13 అనే అంటాం. ఆ మ్యానిఫోల్డ్ దీనికి రాదు, పోర్టులే, అంటే హెడ్‌లో గాలి పోయే రంధ్రాలే వేరు. జిప్సీ కింగ్‌లో కూడా పదహారు వాల్వుల జీ13బీబీనే పెట్టారు, కానీ అది జీపు. ఇంజిన్ నిలువుగా పెట్టిన బండి. ఎస్టీమ్‌లో అడ్డంగా ఉంటుంది. పైపుల దారి, కేబుల్ వచ్చే వైపు, బానెట్‌కి ఉన్న ఎడం అన్నీ మారతాయి. అంబాసిడర్ హెడ్‌కి అయితే నాలుగు సిలిండర్లకీ ఇన్‌టేక్ పోర్టులు రెండే. ఒక్కో పోర్టుని రెండు సిలిండర్లు పంచుకుంటాయి. దానికి నాలుగు గొట్టాల మ్యానిఫోల్డ్ పెడతానంటే ఎక్కడ పెడతారు?

ముందు కొలత

సరే, ఇదంతా విన్నాక కూడా మార్చాలనుకున్నారు. మంచిది, మార్చండి. మార్చడానికి సరైన కారణాలు కూడా ఉన్నాయి. పాత మ్యానిఫోల్డ్ పగిలింది, వంకర పోయింది, బోల్టు దారాలు పోయాయి, లేదా మీ ఇంజిన్‌కి అదే కుటుంబంలో మెరుగైనది దొరికింది. అయితే ముందు కొలత.

మొదటిది కంప్రెషన్. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోలు, కరెంటు కట్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. అంకె ఎంత వచ్చిందన్నది ఇంజిన్‌ని బట్టి మారుతుంది. దానికంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. పది శాతం లోపు ఉండాలి. ఒకటి తగ్గితే ఆ సిలిండర్‌లో చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగిందా, రింగులు. పెరగలేదా, వాల్వులు, లేదా హెడ్ ప్యాకింగ్. రింగులు పోయిన ఇంజిన్‌కి కొత్త మ్యానిఫోల్డ్ పెట్టడం కంటే ఆ డబ్బుతో బోర్ చేయించుకోవడం మేలు. కంపెనీ ఇచ్చిన 85లో మీ బండి ఇప్పుడు ఎంత ఇస్తోందో ఎవరికి తెలుసు? ముందు ఆ పోయినది తిరిగి తెచ్చుకోండి. పాత సెడాన్‌కి అదే అన్నిటికంటే పెద్ద అప్‌గ్రేడ్.

రెండోది వాక్యూమ్ గేజ్, మ్యానిఫోల్డ్ లోపల ఇంజిన్ ఎంత గట్టిగా పీలుస్తోందో చూపే మీటర్. ఇది మన షెడ్లలో తక్కువమంది వాడుతున్నారు. దయచేసి కొనండి. స్లో స్పీడులో, అంటే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, మ్యానిఫోల్డ్‌కి తగిలించి చూస్తే, బాగున్న ఇంజిన్‌కి ముల్లు 17 నుంచి 22 అంగుళాల (పాదరసం కొలత) మధ్య కదలకుండా నిలబడుతుంది. మనది సముద్ర మట్టం, కొండ ప్రాంతాల్లోలాగా ఎత్తుకి తగ్గించి లెక్క వేసుకోవాల్సిన పని కూడా లేదు. ముల్లు కదలకుండా కింద నిలబడితే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా టైమింగ్, అంటే ప్లగ్ మంట వేసే వేళ, వెనకబడింది. ముల్లు ఒక లయలో టక్ టక్‌మని పడుతుంటే ఒక వాల్వ్ సరిగా కూర్చోవడం లేదు. ఒక్క గేజ్ ఇన్ని చెబుతుంది అబ్బయ్యా. మార్చకముందు అంకె రాసిపెట్టుకోండి, మార్చాక మళ్లీ చూడండి. అట్లాగే అదే రోడ్డు, అదే గేర్, 40 నుంచి 80కి ఎంతసేపు పట్టిందో ముందూ తర్వాతా చూసుకోండి. శబ్దం పెరిగితే పవర్ పెరిగినట్టు అనిపిస్తుంది. చెవిని నమ్మకండి, గడియారాన్ని నమ్మండి.

తేవడం, బిగించడం

పాత సామానుకి మనవాళ్లు పోయేది మద్రాసు పుదుపేటకే. పొద్దున పోయి రాత్రికి రావచ్చు. అక్కడ మ్యానిఫోల్డ్ చేతిలోకి తీసుకోగానే ఏం చూడాలి? మీ పాత ప్యాకింగ్ జేబులో పెట్టుకుని పొండి. దాని మీద పెట్టి చూడండి. బోల్టు రంధ్రాలు కలవాలి, పోర్టులు కలవాలి. ఇంజెక్టర్ కూర్చునే చోట గీతలు ఉండకూడదు. సెన్సర్ల కోసం రంధ్రాలు ఎన్ని ఉన్నాయి, మీ బండికి ఎన్ని కావాలి? బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ (ఇంజిన్ లోపలి పొగని మళ్లీ మ్యానిఫోల్డ్‌కి పంపే వాల్వ్), స్లో స్పీడ్ కంట్రోల్ వాల్వ్, మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది). ఒక్కొక్కటి లెక్కపెట్టండి. త్రోటిల్ బాడీ, దాని సెన్సర్ మ్యానిఫోల్డ్‌తోపాటే తీసుకోండి, విడిగా వెతకాలంటే టెన్షన్. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండి సామాను అయితే అల్యూమినియం మీద తెల్లపొడి పట్టి గుంటలు పడి ఉంటుంది. నీళ్లు తిరిగే దారి దగ్గర ఆ గుంటలు ఉంటే వదిలేయండి.

తెచ్చాక ముందు మ్యానిఫోల్డ్ హెడ్‌కి ఆనే ముఖం చూడాలి. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఇనుప పట్టీ) ఆనించి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చండి. 0.10 మిల్లీమీటర్ దూరిందంటే లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించాలి. సిలికాన్ పేస్ట్ దట్టంగా పూసి బిగిస్తే సరిపోతుందని అనుకోవద్దు. పెట్రోలు తగిలి ఆ పేస్ట్ మెత్తబడుతుంది, ముక్క ఊడి లోపలికి పోతుంది. ఒరిజినల్ ప్యాకింగే వేయండి. పాత ప్యాకింగ్ గీకేటప్పుడు పోర్టుల్లో గుడ్డ కుక్కండి. గుడ్డలు ఎన్ని కుక్కారో లెక్క పెట్టుకోండి, అన్నీ బయటికి తీశాకే బిగించండి.

పోర్టు మ్యాచింగ్ గురించి ఒక మాట. మ్యానిఫోల్డ్ రంధ్రం హెడ్ రంధ్రం కంటే పెద్దదై అంచు గాలికి అడ్డంగా నిలబడితే, అక్కడ సుడి తిరుగుతుంది. ప్యాకింగ్ పెట్టి గీత గీసుకుని ఆ అంచు వరకు సాపు చేయండి. అంతే. లోపల అద్దంలా మెరిసేట్టు పాలిష్ కొట్టనక్కర్లేదు, కార్బొరేటర్ బండికైతే అసలు వద్దు. కాస్త గరుకు ఉంటేనే పెట్రోలు గోడకి అంటుకోకుండా గాలిలో కలుస్తుంది.

బిగించేది మధ్య బోల్టు నుంచి బయటికి, ఒకసారి ఇటు ఒకసారి అటు. రెండు మూడు విడతల్లో. టార్క్ రెంచ్ వాడండి. ఇలాంటి చిన్న అల్యూమినియం ఇంజిన్లకి మామూలుగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఎంత ఉంటే అంత. చేతి బలంతో పీకితే దారాలు ఊడి వస్తాయి, తర్వాత హెడ్ దించాలి.

ఇక బ్రేక్ బూస్టర్ పైపు. దీని దగ్గర మాత్రం ఆగి రెండోసారి చెబుతాను. బ్రేక్ తేలిగ్గా పడటానికి కావాల్సిన వాక్యూమ్ మ్యానిఫోల్డ్ నుంచే పోతుంది. ఆ పైపులో గాలి ఒకే వైపు పోనిచ్చే వాల్వ్ ఉంటుంది. దాన్ని తిరగేసి పెట్టినా, పైపు చీలినా, పెడల్ రాయిలా అవుతుంది. రోడ్డెక్కకముందే ఇంజిన్ ఆపి పెడల్ నాలుగుసార్లు తొక్కి, కాలు ఆనించి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బండి షెడ్డు దాటకూడదు.

స్టార్ట్ చేశాక స్లో స్పీడ్ ఎగుడుదిగుడు అవుతుంటే గాలి లీకు. సబ్బు నీళ్లు చిమ్మి చూడండి, లీకు దగ్గర ఇంజిన్ శబ్దం మారుతుంది. కార్బ్ క్లీనర్ చిమ్మే అలవాటు చాలామందికి ఉంది. అంబాసిడర్ లాంటి బండిలో ఇన్‌టేక్ కిందే ఎగ్జాస్ట్ ఉంటుంది. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట. దయచేసి ఆ బండికి వాడకండి.

మ్యాప్ సెన్సర్ ఉన్న బండి లీకు ఉంటే ఎక్కువ ఆర్‌పీఎంలో ఐడిల్ అవుతుంది, ఎందుకంటే వచ్చిన గాలిని ఒత్తిడిగా చూసి పెట్రోలు కలుపుతుంది. మాఫ్ సెన్సర్, అంటే ఫిల్టర్ దగ్గర వచ్చే గాలిని కొలిచేది, ఉన్న బండి ఆ గాలిని చూడనే చూడదు, పెట్రోలు తగ్గి మిస్సింగ్ ఇస్తుంది. ఈ తేడా తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. ఇంకొకటి, మ్యాప్ సెన్సర్ బండి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పాత మ్యానిఫోల్డ్ లెక్కతోనే పెట్రోలు ఇస్తుంది. మెల్లగా పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి సరిదిద్దుకుంటుంది. పూర్తిగా తొక్కినప్పుడు సరిదిద్దుకోదు. అక్కడ కొత్త మ్యానిఫోల్డ్ ఎక్కువ గాలి ఇస్తే పెట్రోలు చాలదు, పిస్టన్ కొట్టుకుంటుంది, కరుగుతుంది. సైలెన్సర్ పొగని బట్టి గాలి, పెట్రోలు పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టి చూడాలి. పూర్తి త్రోటిల్‌లో గాలి పెట్రోలు నిష్పత్తి 12.5, 13 దగ్గర ఉండాలి. 14 దాటితే కాలు తీసేయండి.

ఇథనాల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మన పాత బండ్లు దాని కోసం తయారుచేసినవి కావు. ఉత్త పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అంటే అదే జెట్‌తో (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) నడిపితే మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. కార్బొరేటర్ బండికి జెట్ ఒక సైజు పెంచి ప్లగ్ రంగు చూడాలి. పాత రబ్బరు పైపులు, ఓ రింగులు ఉబ్బి పగుళ్లిస్తాయి. మ్యానిఫోల్డ్ దించినప్పుడే పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునేవి వేసేయండి. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో ఇథనాల్ గాలిలోని తేమని లాగుతుంది. మన సముద్రపు గాలికి ఇంకా ఎక్కువ. వారానికి ఒకసారైనా తిప్పండి.

వేడి గాలి, దుమ్ము, మిగతా పనులు

కోన్ ఫిల్టర్ పెట్టించుకున్నవాళ్లు ఉన్నారా? బానెట్ కింద పెట్టారా? బయట 45 డిగ్రీలు, బానెట్ కింద 75 ఉంటుందనుకోండి. ఆ 30 డిగ్రీల తేడాకే గాలి సుమారు 8, 9 శాతం పలచబడుతుంది. పవర్ కోసం పెట్టిన ఫిల్టర్ పవర్ తీసేస్తోంది. కంపెనీ డబ్బాని, బయటి నుంచి గాలి తెచ్చే గొట్టాన్ని అట్లాగే ఉంచండి. చీమకుర్తి వైపు తిరిగే బండ్లకి ఇంకా ముఖ్యం. గ్రానైట్ దుమ్ము లోపలికి పోతే రింగుల్ని అరగదీస్తుంది. నూనె రాసే ఫిల్టర్ కంటే అక్కడ మంచి పేపర్ ఫిల్టర్ త్వరత్వరగా మార్చుకోవడం నయం.

తర్వాత వరస నా లెక్కలో ఇది. ప్లగ్గులు, వైర్లు, టైమింగ్. రేడియేటర్, థర్మోస్టాట్. టైమింగ్ బెల్ట్. బ్రేకులు. అప్పుడు ఎగ్జాస్ట్, క్యామ్. పాత అంబాసిడర్, పద్మిని నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వాటికి పరుగు పెంచి ఆపేది పెంచకపోతే ఎట్లా? ఎస్టీమ్‌లో పాత బలేనో 1.6 ఇంజిన్ పెట్టాలనే కోరిక చాలామందికి ఉంది. మంచి ఇంజిన్, 75 మిల్లీమీటర్ల బోరు, 90 స్ట్రోకు. స్ట్రోకు పొడవు కాబట్టి కింద నుంచే లాగుతుంది, మన రోడ్లకి నప్పుతుంది. అయితే దానికి కాగితాలు కావాలి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చేసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టంగా చెప్పింది. ఇంజిన్ మారిస్తే నంబరు మారుతుంది. ముందు ఆర్టీవో ఆఫీసులో అనుమతి అడగాలి, వచ్చాకే పని మొదలుపెట్టాలి, తర్వాత ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే పదిహేనేళ్ల తర్వాత రెన్యువల్‌కి పోయినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు నంబరు చూసి ఆపేస్తారు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమని ఎవరైనా అంటే వినకండి. బీఎస్-2, బీఎస్-3 బండికి పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ అర శాతం దాటకూడదు. అంతకుముందు బండ్లకి 3 శాతం దాకా ఉంది. కన్వర్టర్ లేకుండా అర శాతం రావడం కష్టం. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

పద్మిని అన్న చేయెత్తి చాలాసేపయింది. మీది కార్బొరేటరే కదా? ఇరవై ఏళ్లుగా అదే మ్యానిఫోల్డా? అయితే అది వంకర పోయిందా లేదా చూడకుండా కొత్తది వెతకద్దన్నా. షెడ్డులో బల్ల మీద స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్, కంప్రెషన్ గేజ్, వాక్యూమ్ గేజ్ పెట్టాను. ఒక ఎస్టీమ్ వేడిగా సిద్ధంగా ఉంది. ఐటీఐ పిల్లలు ముందు రండి, ప్లగ్గులు మీరే తీయండి. మీ బండి తర్వాత పెడదాం.